మిరపనారూ, జములమ్మ చెయ్యీ

మిరప నాటేటప్పుడు మొదటి మొక్క మంచి చెయ్యి ఉన్న మనిషే పెట్టాలని పాన్‌గల్ వైపు పట్టింపు. చాలా ఏళ్లు ఆ మనిషి కూలి జములమ్మే. ఒక ఏడు ఆమె మొదలుపెట్టి, రోజంతా నాటిన హన్మంతు చేను ఆకు ముడుచుకుని, పసుపు మచ్చలు పడి నాశనమైంది. హన్మంతు ఆ చేలోనే పురుగుల మందు తాగి చనిపోయాడు. ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా? తప్పంతా జములమ్మ చేతిదే అన్నాయి. మళ్లీ ఆమెను నాటుకు పిలిచినవాళ్లు లేరు.

"నువ్వు మంచిగ సదువు బిడ్డా. సదివి, గది నా చెయ్యి కాదని ఈళ్లకు చెప్పు" అన్నది కూతురు స్వరూపతో.

స్వరూప చదివింది. 2006 నాటికి హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే వైరస్‌ను భారజలమనే ప్రత్యేకమైన నీటిలో కలిపి, పెద్ద అయస్కాంతంలో పెట్టి చూడడం ఆమె పని. సన్నటి పుల్లల్లాంటి ఆ వైరస్‌లన్నీ అయస్కాంతంలో ఒకే వైపు తిరిగి నిలబడతాయి. వాటి చుట్టూ ఉన్న నీరూ కాస్త అటే మొగ్గుతుంది. అప్పుడు కంప్యూటర్ తెరమీద ఆ నీటి గుర్తుగా రావలసిన ఒక్క గీత రెండుగా చీలుతుంది. మొదటిసారి ఆ చీలిక చూసి స్వరూప పొంగిపోయింది.

ఒకరోజు వైరస్ కోసం మొక్కలు పెంచే గదిలో, ఆమె చేత పరిశోధన చేయించే సార్ హెచ్చరించాడు. తంబాకు ముట్టిన చేతులతో లోపలికి రావద్దన్నాడు. ఎండిన పొగాకులోనూ ఈ వైరస్ ఏళ్లకేళ్లు ఉంటుందట, చేతుల మీదుగా మిరపకు అంటుకుంటుందట.

స్వరూపకు ఊళ్లో నాట్లు గుర్తొచ్చాయి. తల్లి గట్టుమీద కూర్చుని అరచేతిలో తంబాకు, సున్నం నలిపి, పెదవి కింద పెట్టుకుని, ఆ చేత్తోనే నారు అందుకునేది. ఖాయంగా ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు, స్వరూపకు మాత్రం అనుమానం లేదు. ఆనాటి నుంచి తెరమీద ఆ గీతలు కనబడితే చాలు, ఆ నీళ్లలో హన్మంతు నిలబడి తననే చూస్తున్నట్టు భయం వేసేది.

సెలవులకు ఇంటికి రాగానే తల్లి అడిగింది.

"తెల్సిందా బిడ్డా? నా చెయ్యేనా?"

"కాదమ్మా. అది వైరస్. నీ చెయ్యి కాదు."

జములమ్మ కరువుతీరా ఏడ్చింది. వాడంతా తిరిగి చెప్పుకుంది. ఆ మాట విని హన్మంతు భార్య ఎంకమ్మే వచ్చి, ఈ ఏడు తమ నాటు ఆమే మొదలుపెట్టాలని పిలిచింది.

తెల్లారి స్వరూప కూడా చేనికి వెళ్లింది. జములమ్మ సంబరంగా గట్టుమీద కూర్చుని తంబాకు నలుపుతోంది.

"అమ్మా, సబ్బుతోని చేతులు కడుక్కో" అన్నది స్వరూప.

"ఎందుకే?"

కూతురు ఆమె అరచేతిలోని తంబాకును కిందికి దులిపేసింది. జములమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తన అరచేతిలోకి చూసుకుంది. ఎంకమ్మ నారుకట్ట తెచ్చి అందించబోతే రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నన్ను ముట్టనియ్యకు చెల్లె. ఆ ఏడు నీ చేను పాడుచేసింది నా చెయ్యే" అన్నది.