కిటికీ దాకా ర్యాంప్

మా యూనివర్సిటీ లైబ్రేరియన్ అంతటి మర్యాదస్తుణ్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ మర్యాదతోనే ఆయన నన్ను ఏడాదిపాటు లైబ్రరీ లోపలికి రానివ్వలేదు.

ఆయన మీద కోపంతో చెబుతున్న మాట కాదిది. అప్పట్లో కోపం ఉండేది, బాగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

మాది మేడ్చల్. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో నా కాళ్లు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి వీల్‌చైరే నా నడక. చరిత్రలో పీహెచ్‌డీ చేయడానికి శామీర్‌పేట అవతల ఉన్న మా యూనివర్సిటీలో చేరాను. రోజూ పొద్దున మా నాన్న, అదే మా బాపు, కారులో దించేవాడు. తుర్కపల్లి మందుల కంపెనీల క్యాబులు హారన్లు కొడుతూ మమ్మల్ని దాటిపోతుంటే ఆయన వాటితో పోటీకి దిగేవాడు, నేను తిట్టేదాన్ని, ఇంతలో క్యాంపస్ వచ్చేసేది.

క్యాంపస్‌లో అన్ని చోట్లకీ పోగలిగేదాన్ని, ఒక్క లైబ్రరీకి తప్ప. దాన్ని మరీ ఎత్తు మీద కట్టారు. పునాది ఎత్తుగా ఉంటే చదువూ ఎత్తుగా ఉంటుందని ఎవరో నమ్మినట్టున్నారు. చేరిన కొత్తలో క్లాసు మగపిల్లలు నలుగురూ తలా ఒక చక్రం పట్టుకుని నన్ను కుర్చీతో సహా మెట్ల మీదికి ఎత్తారు. సగం మెట్లెక్కాక ఒకడికి తుమ్మొచ్చింది. కుర్చీ పక్కకు ఒరిగింది, నేను పెట్టిన కేకకు పైన చదువుకునేవాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. పడలేదు గానీ, ఇంకోసారి నన్ను ఎవరూ ఎత్తకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేనేమీ ఊరేగింపు విగ్రహాన్ని కాదు.

అప్పుడు రంగంలోకి దిగారు మా లైబ్రేరియన్. గుంటూరు వైపు మనిషి, దూలపల్లి దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. మెట్లు దిగి నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని అన్నారు:

"మీరు రావడం ఎందుకమ్మా, శ్రమ. పుస్తకం పేరు చెప్పండి చాలు. పుస్తకాన్నే మీ దగ్గరికి పంపిస్తాను."

అన్నట్టే మెట్ల కింద వరండాలో నాకో బల్ల వేయించారు. ఫ్యాను పెట్టించారు. పదకొండింటికి టీ కూడా పంపేవారు. లోపల చదువుకునేవాళ్లకు మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వరు కాబట్టి, నా స్నేహితురాలికి ఒళ్లు మండిపోయేది. "నీదేనే రాజభోగం" అనేది.

నిజమే. కానీ ఆ భోగంలో ఒక చిక్కుంది. పేరు చెబితేనే పుస్తకం వస్తుంది. పేరు తెలియని పుస్తకాన్ని ఏమని అడగాలి?

పరిశోధనకు విషయం ఇంకా తేలలేదు. మా గైడు మేడమ్‌ని సలహా అడిగితే ఆమె తేలిగ్గా అనేసింది: "ర్యాకుల మధ్య తిరుగు. ఏదో ఒక పుస్తకం నీ కొంగు పట్టుకుంటుంది. అందరికీ అలాగే దొరుకుతుంది." దసరా సెలవుల తర్వాత కూడా విషయం తేల్చకపోతే నా సీటు వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి పోతుందని కూడా అంతే తేలిగ్గా చెప్పింది. నేను తిరగాల్సిన ర్యాకులేమో మెట్ల పైన ఉన్నాయి.

"మన చుట్టుపక్కల ఊళ్ల గురించి ఏమున్నా పంపండి" అని అడిగి చూశాను. పోటీ పరీక్షల గైడు ఒకటి, వరి వంగడాల కరపత్రం ఒకటి, యాత్రికుల కోసం రాసిన గుళ్ల వివరాలు ఒకటి వచ్చాయి. వాటితో పాటు టీ వచ్చింది. లైబ్రేరియన్ పైనుంచి తొంగిచూసి "సరిపోయాయా అమ్మా?" అని అడిగితే, ఆ మొహంలోని ఆశ చూసి సరిపోయాయన్నాను. ఇంటికొచ్చాక దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. సీటు పోతుందన్న భయం ఒకటి. లోపల నాకోసం ఏముందో చూడకుండానే వెనక్కి పోవాలన్న ఉక్రోషం ఇంకోటి.

మర్నాడు పోయి ర్యాంప్ కావాలని అడిగాను. ఎంత పోట్లాడాల్సి వస్తుందోనని దారంతా మాటలు కూడబెట్టుకుని పోయాను. వాటిలో ఒక్కటీ ఖర్చు కాలేదు. యూనివర్సిటీ పెద్దలందరూ వెంటనే ఒప్పుకున్నారు, ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని నన్నే కోప్పడ్డారు. పని దొరికిన కాంట్రాక్టరు మా ఊరివాడే. ఒకప్పుడు భూములున్న రైతు, ఇప్పుడు కట్టుబడి పనులు చేస్తాడు. బాపుకు తమ్ముడి వరుస, నాకు చిన్నాయిన. ఇక నా అదృష్టానికి హద్దే లేదనుకున్నాను.

కొన్నాళ్లకే భవనం దక్షిణం వైపు నుంచి టైల్స్ కోసే చప్పుడు వినబడింది. ముందు ద్వారం తూర్పున, ఈశాన్యం మూలకు ఉంది కదా, దక్షిణాన ఏం చేస్తున్నారా అనుకున్నాను. అటువైపు కొత్త తలుపు కూడా పెడుతున్నారు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు సంతోషంగా ఉన్నప్పుడు సందేహాలు ఎక్కువసేపు నిలవవు.

ప్రారంభం రోజున బాపు ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. నాకు శాలువా కప్పారు. ఇరువైపులా పట్టుకోవడానికి మెరిసే స్టీలు కడ్డీలు, మధ్యలో ఎరుపు రిబ్బను. కత్తిరించాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఎవరి సాయమూ లేకుండా, నా చేతులతో నేనే చక్రాలు తోసుకుంటూ పైకి పోయాను. ఏటవాలు చక్కగా కుదిరింది. పైన విశాలమైన చోటు వదిలారు. ఆ చోటుకు ఎదురుగా గోడ ఉంది. గోడలో ఒక కిటికీ ఉంది.

కిటికీకి ఊచలున్నాయి. ఊచల అవతల లైబ్రేరియన్ వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉన్నారు. సందులోంచి ఒక లడ్డూ ఇటు అందించారు.

"ఇక మీరు ఎండలో, వానలో వరండాలో కూర్చోనక్కర్లేదమ్మా. ఇక్కడికొచ్చి పేరు చెబితే నేనే చేతికిస్తాను" అన్నారు.

అదే సమయానికి దక్షిణం గాలి తిరిగింది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఒక్కసారిగా కమ్మింది. లడ్డూ నా పిడికిట్లో నలిగింది. తర్వాత నాలో ఏది తెగిందో తెగింది.

"ఇది లైబ్రరీయా, రేషన్ షాపా? నేను పుస్తకాలు చూడాలి సార్! చేత్తో తీసి, నాలుగు పేజీలు తిప్పి, నచ్చకపోతే మళ్లీ పెట్టేయాలి. అందరూ చేసేదే నేనూ చేయాలి. కిటికీలోంచి నాకేం కనిపిస్తుంది, మీరు తప్ప?"

చప్పట్లు ఆగిపోయాయి. లైబ్రేరియన్ మొహం చిన్నబోయింది. కింద నిలబడ్డ చిన్నాయిన తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

"ముందల తలుపు కాడ ఎందుకు కట్టలేదు?" అని అడిగాను.

"అది ఈశాన్యం గద బిడ్డా. ఈశాన్యం మీద బరువెట్ల పెడ్తం? వాస్తు ఒప్పదు."

"మరి అన్ని మెట్లున్నయి గద, గవి బరువు గావా?"

"మెట్లు పాతయి. పూజ జేసి కట్టినయి. మళ్ల కొత్త బరువు పెట్టొద్దు. ఇగ దక్షిణం దిక్కు తలుపు పెట్టుడు గూడ మంచిది గాదు." అని నసిగి, చివరికి అసలు మాట బయటపెట్టాడు. "నా మీద ఎందుకు ఒర్రుతవ్? మీ బాపునే అడిగిన. ఫోన్ల ఆయనే జెప్పిండు, దక్షిణం దిక్కు వెయ్యమని."

అందరి తలలూ బాపు వైపు తిరిగాయి.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. ఆయన ప్లాట్లు అమ్ముతాడు. ఏ మూలన బావి ఉండాలి, ఏ మూలన బరువుండాలి అనే లెక్కలు ఆయన నాలుక చివర ఉంటాయి. కొనేవాళ్లు పంతులు మాట కన్నా ఆయన మాటే నమ్ముతారు. చిన్నాయిన ఫోను చేసి లైబ్రరీ ముందర దిమ్మెలాంటిది ఒకటి కట్టాలి, ఏ దిక్కు మంచిది అని అడిగాడట. బాపు అప్పుడు ఎవరికో ప్లాటు చూపిస్తున్నాడు. రోజూ పదిమందికి చెప్పే జవాబే చెప్పి ఫోను పెట్టేశాడు. అది తన కూతురు ఎక్కే దారి అన్న ఆలోచనే రాలేదు.

బాపు బిక్కచచ్చి నిలబడ్డాడు. నాకు జాలేసింది, కానీ కోపం దానికన్నా ఎక్కువగా ఉంది.

"బాపూ, మన ఇంట్ల నా ర్యాంప్ ఏ దిక్కున్నది?" అని పైనుంచే అడిగాను.

మా ఇంటి ద్వారం కూడా ఈశాన్యం మూలకే ఉంది. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే బాపు పంతుల్ని గానీ, మేస్త్రీని గానీ పిలవకుండా, తనే గునపం పట్టుకుని ఆ మెట్లు పగలగొట్టాడు. తనే సిమెంటు కలిపి పోశాడు. అది వంకరగా కుదిరింది, ఇప్పటికీ వంకరగానే ఉంది. అమ్మ ఈశాన్యం సంగతి ఎత్తితే ఆమె మీద ఎగిరాడట. తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆయనతో సహా.

బాపు రెండడుగులు ముందుకు వేశాడు. పెద్ద మనుషులందరూ వింటుండగా చిన్నాయినతో అన్నాడు:

"ఈశాన్యం మీదనే ఉన్నది తమ్మీ, మా ఇంట్ల. బిడ్డ చిన్నగున్నప్పుడే కట్టిన. నాకేం తక్కువైంది? భూములున్నయి, ఇల్లున్నది, బిడ్డ పీహెచ్‌డీ జేస్తాంది. నువ్వు తలుపు కాడ కట్టు. ఏమన్న అయితే నా పేరు జెప్పు."

ఈ ప్రాంతంలో బాపు కలిసొచ్చిన మనిషి. అలాంటి మనిషి ఇంటి ఈశాన్యం మీద ఇన్నేళ్లుగా బరువుందని తెలిశాక ఎదురు మాట్లాడేవాళ్లే లేరు. చిన్నాయిన మొహం విప్పారింది. "గా ముచ్చట ఫోన్లనే జెప్తే అయిపోవు గదనే అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో నలిగిపోయిన లడ్డూ తినేశాను.

దసరాకు ముందే ముందు ద్వారం దగ్గర ర్యాంప్ లేచింది. లైబ్రేరియన్ మాత్రం అంతటితో ఊరుకోలేదు. కిటికీ దగ్గర నేనన్న మాట ఆయనకు గుచ్చుకున్నట్టుంది. ఒక మధ్యాహ్నం నన్ను బెంచీ మీదికి జరగమని, నా కుర్చీ ఇమ్మని అడిగి, తనే అందులో కూర్చుని లోపలికి పోయారు. కాసేపటికి లోపలి నుంచి కేక వినబడింది. న్యాయశాస్త్రం ర్యాకుల మధ్య ఇరుక్కుపోయారు, ముందుకూ కదలదు, వెనక్కీ రాదు. ఇద్దరు లాగితే గానీ బయటపడలేదు. మర్నాడు ర్యాకులన్నీ ఎడంగా జరిపించారు. "పై అరలు మీకు అందవమ్మా, వాటికి మాత్రం ఎవరినైనా పిలవాలి. క్షమించాలి" అన్నారు. ఆయన మీద నాకున్న కోపంలో మిగిలింది ఆ మాటతో పోయింది.

మొదటి రోజు ఆయన నా వెనకాలే నడిచారు. "ఏం కావాలమ్మా?" అని అడిగారు. నాకే తెలియదని, ఊరికే తిరుగుతానని చెప్పాను. ఆయనకు ఏం చేయాలో తోచలేదు. కాసేపు తటపటాయించి, తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నారు.

నేను తిరిగాను. కొన్ని పుస్తకాలు వాసన చూసి పెట్టేశాను. ఒక లావుపాటి పుస్తకం తీసి, ఒక్క ముక్క అర్థం కాక, సంతోషంగా మూసేశాను. రసాయనశాస్త్రం వరుసలో, కింది అరలో, ఎవరో తప్పుగా సర్దిన సన్నటి పుస్తకం ఒకటి కనబడింది. ఈ ప్రాంతంలో ద్రాక్ష తోటలు వేసే రైతుల కోసం ఎప్పుడో అచ్చేసింది. మేడ్చల్ చుట్టూ ఇప్పుడు లేఅవుట్లు ఉన్న చోటల్లా ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లే. బాపు కూడా మా తోట పీకించే ప్లాట్లు చేశాడు. ఆ తోటలు ఎలా వచ్చాయి, ఎలా పోయాయి, పందిళ్ల కింద పనిచేసిన వాళ్లంతా ఎటు పోయారు? కుర్చీలో కూర్చుని అక్కడే చదవడం మొదలుపెట్టాను. ఇంకో ర్యాకుకు పోయాను. అక్కడి నుంచి ఇంకోదానికి. విషయం దొరికింది. ఎంతసేపైందో గమనించలేదు.

ఫోను మోగింది. బాపు.

"బిడ్డా, ఏడున్నవ్? వరండాల లేవు. లైబ్రరీ సారును అడిగితే ఆయనకూ ఎరుకలేదంటాండు. మస్తు పరేషాన్ అయితాన."

చుట్టూ చూశాను. అన్ని వైపులా పుస్తకాలే. తలుపు ఎటుందో గుర్తు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నేనెక్కడున్నానో ఎవరో ఒకరికి తెలియని రోజు ఒక్కటి కూడా లేదు. ఎవరో దించాలి, ఎవరో తీసుకుపోవాలి.

"లోపలున్న బాపూ. ఏడనో నాకు గూడ ఎరుకలేదు. తప్పిపోయిన."

వచ్చి వెతుకుతానంటాడనుకున్నాను.

"మంచిగైంది" అన్నాడు. "జల్దీ ఏం లేదు బిడ్డా. నేను కార్ల కూసుంట."