డబ్బా పాలు కాదు జేజీ

నా చిన్నప్పుడు జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో పాలడబ్బా చూసినవాళ్లే తక్కువ. అట్లాంటిది మా ఇంటికి ఒకేసారి ఆరు డబ్బాలొచ్చాయి, అదీ జీపులో. ఎదుటి వర్గం వాళ్లు మా నాన్నను నరికి చంపిన మర్నాడు మా పార్టీ పెద్దాయన పంపించాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఇరవై రోజులు.

డబ్బాలెందుకంటే, మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, అమ్మను బిడ్డకు పాలివ్వనీయలేదు. ఏడ్చే తల్లి పాలు తాగిన మగబిడ్డ పిరికివాడవుతాడని ఆమె నమ్మకం. వీధిలో తలపండిన ఆడవాళ్లంతా అవునని తలలూపారు.

“వీడు పెరగల్ల, వాళ్ల నాయనను సంపినోళ్లను అడగల్ల. దాని కన్నీళ్ల పాలు వీడికొద్దు,” అని తీర్పు చెప్పేసింది.

పొత్తిళ్లలో ఉన్నవాడి మీద అప్పుడే పగ మోపింది మహాతల్లి! కొడుకు పోయిన కడుపుకోత ఆమెది, కాదనను. కానీ మూలగదిలో కూర్చున్న మా అమ్మకు రవిక తడిసిపోయేది. పాలు పిండి, పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోసి వచ్చేది. లోపల వాడు ఆకలికి గుక్కపట్టి ఏడ్చేవాడు. పాలు గబగబా దిగాలని జేజి సూది కాల్చి సీసా రబ్బరుకు పెద్ద బొక్క చేసింది. అయినా పదకొండో రోజు నాన్న పెద్ద దినం నాటికి తమ్ముడు వడిలిపోయాడు.

మా వీధి చివర, ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న ఒకామె ఉండేది. చర్చికి పోయే మనిషి, ఏ వర్గమూ కాదు. పిల్లలందరికీ ఆమె నర్సత్త. పెద్ద దినం అయిన మర్నాడు జేజి చేనికి పోగానే ఆమె మా ఇంటికి వచ్చింది. నా చెయ్యి సబ్బుతో కడిగించి, చూపుడువేలు తమ్ముడి నోట్లో పెట్టమంది.

“లాగుతాండాడా పాపా?”

లేదన్నాను. పెదాలు ఆనించి ఊరికే ఉన్నాడు.

“యాడ లాగుతాడు? సీసా పాలు వాటంతటవే కారుతాంటే మింగడమొకటే వీడి పని. తల్లి కాడైతే నాలుక సాపల్ల, దవడ ఆడించల్ల. ఆ కష్టంతోనే అంగిలి ఎడల్పవుతాది, రేపు పండ్లకు సోటొస్తాది.”

దుఃఖానికి పాలు చెడవని, తల్లిపాలు తాగిన బిడ్డ జబ్బులను బాగా తట్టుకుంటాడని కూడా చెప్పింది. సీసా మరిగిన వాడు మొదట రొమ్ము పట్టలేదు. ఆమె అమ్మ చేత చుక్కలు పిండించి వాడి పెదాలకు రాయించింది. రెండు రోజులు తంటాలు పడ్డాక మూడోరోజు పట్టాడు. నాన్న పోయాక అమ్మ ముఖంలో కాస్త వెలుతురు చూడడం నాకదే మొదలు.

ఆ తర్వాత జేజి చూడకుండా అమ్మ పాలిచ్చేది, నేను గడపలో కాపలా. జేజి కలిపిన సీసా పాలు కుక్కకు పోసేదాన్ని. అది పందిపిల్లలాగా బలిసింది. తమ్ముడికి బుగ్గలొచ్చాయి. వేలు పెడితే ఊడబెరుకుతాడేమో అన్నట్టు లాగేవాడు.

ఒకరోజు జేజి వాడిని అరుగు మీద కూర్చున్న వాళ్లకు చూపించి, “సూడండి, మా పెద్దాయన పాలు ఎట్ల పట్టినాయో!” అని మురిసిపోయింది. అమ్మ కష్టానికి పేరు ఎవరికో పోతుంటే ఓర్చుకోలేకపోయాను. “డబ్బా పాలు కాదు జేజీ, అమ్మ పాలు!” అని అరిచాను. మెచ్చుకుంటుందనుకున్నాను. నా నోరు పడిపోను!

ఆ పూటే వాడిని తన గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టుకుంది. నర్సత్త వాకిట్లోకొచ్చి బతిమాలింది. “ఒక సెంప కొడితే ఇంకో సెంప సూపించే మనుషులం కాదు మేము, పో,” అంది జేజి. అమ్మ తలుపు కొట్టీ కొట్టీ గడపలోనే కూలబడింది.

ఎండాకాలం. కాచని కుండనీళ్లు, సరిగా కడగని సీసా. మూడోరోజుకు తమ్ముడికి బేదులు పట్టుకున్నాయి. అప్పటికి గాని జేజి తలుపు తీయలేదు. ఆసుపత్రికి పోవాలంటే బస్సు ఆగేది ఎదుటి వర్గం వాళ్ల వీధి మొదట్లో. మా మగవాళ్లు ఒక్కరూ అటు అడుగు వేయలేదు. అమ్మే బిడ్డనెత్తుకుని పరుగెత్తింది, వెనకాలే నేను. ఆ వీధిలో మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఒకామె నీడకు రమ్మని చాప వేసింది. బస్సు ఎంతకూ రాలేదు. వాడి కళ్లు తేలిపోతుంటే నేను అమ్మ కొంగుతో వేలు తుడుచుకుని నోట్లో పెట్టాను. లాగలేదు. లాగు నాయనా, లాగు అని ఏడ్చాను. లాగలేదు.

కొన్నేళ్లకు రెండు వర్గాల పెద్దలూ ఒకే పార్టీలో చేరి ఒకే జీపులో తిరిగారు. జేజి ఆ జీపును చూసి లోపలికి పోయి తలుపేసుకుంది. నేను అంగన్వాడీలో పనిచేసి ముసలిదాన్నయ్యాను. ఏ బాలింత ఇంటికి పోయినా ముందు సబ్బు అడుగుతాను. బిడ్డ గట్టిగా లాగితే తల్లులు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎంతమంది లాగినా, ఆ చాప మీద వాడి నోట్లో పెట్టిన వేలు ఇంకా అక్కడే ఉంది.