లింబాద్రి పెట్టె

గల్ఫ్‌కు పోయినవాడికి జ్వరం రావచ్చు, భక్తి రావచ్చు, తాగుడు అలవాటు కావచ్చు. సరదా మాత్రం ఉండకూడదని మనవాళ్ల అభిప్రాయం. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఉండే లింబాద్రి ఈ అభిప్రాయాన్ని ఏళ్లుగా లెక్కచేయడం లేదు. ఒక మాల్‌లోని ఆటల హాలులో క్లీనింగ్ అతని డ్యూటీ. అక్కడ పాడై పారేసే పిన్‌బాల్ మిషన్ల నుంచి స్ప్రింగులు, గంటలు, ఉక్కు బంతిని కొట్టే చిన్న రెక్కలు అడిగి తెచ్చుకుంటాడు. మంచం మీద కూర్చుని పాత బనియన్‌తో వాటిని మెరిసేదాకా తుడుస్తాడు. సెలవుకు పోయినప్పుడల్లా కొన్ని ఊరికి చేరుస్తాడు. అక్కడ ఒక మిషన్ దాదాపు తయారైంది. బంతి పరుగెత్తే రంగుల పలక ఒక్కటే తక్కువ.

ఈసారి అదీ దొరికింది. కానీ పెట్టె కట్టేరోజు పలకా, చుట్టాలకు కొన్న దుప్పట్లూ కలిసి విమానంలో ఒప్పుకునే బరువు దాటిపోయాయి.

"పలక తీసెయ్ భాయ్," అన్నాడు గదిలో ఉండే ముస్తఫా. "దుప్పట్లు లేకుండ పోతే ఇంట్లకు రానిస్తరా?"

లింబాద్రి దుప్పట్లు తీసి ముస్తఫా మంచం మీద పడేశాడు.

"అందరు గల్ఫ్ నుంచి బంగారం తెస్తరు, నువ్వు తుక్కు తెస్తవు," అంది ఫోన్‌లో భార్య ప్రమీల. "మా అన్నకు ఏం చెప్పాలె?"

"దుప్పట్లు జగిత్యాలల దొరుకుతయని చెప్పు."

పెట్టె మీద అందరూ పేరు, ఊరు రాసుకుంటారు. అతను వాటి కింద, ఎయిర్‌పోర్టులో దూరం నుంచే కనబడేంత పెద్ద అక్షరాలతో పిన్‌బాల్ అని రాశాడు.