గేల్స్‌బర్గ్‌లో దగ్గుతున్న విమానం

షామ్‌బర్గ్‌లో మా మేనకోడలి ఇంట్లో ఉండగా, అక్టోబరు మొదట్లో ఒకరోజు విమల ఫోన్ చేసింది. విమల మా చిన్నాన్న కూతురు. గేల్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సు. తన భర్త జయరాజు, అతని స్నేహితుడు నరసింహ కలిసి ఏడేళ్లుగా ఒక రెండు సీట్ల విమానాన్ని సొంత చేతులతో కడుతున్నారనీ, ఇంజన్ ఎంతకీ కుదురుకోకపోవడంతో ఆ ఆదివారం దాన్ని అమ్మేయబోతున్నారనీ, చూడాలంటే అదే ఆఖరి అవకాశమనీ చెప్పింది. "వచ్చెయ్యక్కా. నువ్వు పక్కనుంటే ఇద్దరూ కాస్త మర్యాదగా పోట్లాడుకుంటారు," అంది.

శుక్రవారం బయలుదేరాను. షికాగో నుంచి గేల్స్‌బర్గ్ వెళ్లే ఉదయం రైలు ఏడున్నర ప్రాంతంలో ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే షామ్‌బర్గ్‌లో తెల్లవారకముందే లోకల్ ఎక్కాలి. యూనియన్ స్టేషన్లో పొడవాటి చెక్క బెంచీలున్న పాత హాలు ఒకటుంది. కాఫీ, బేగల్ రొట్టె తెచ్చుకుని అక్కడ కూర్చుంటే అరగంట తెలియకుండా గడిచిపోతుంది. టికెట్టు ముందుగా ఫోన్‌లో బుక్ చేసుకుంటే చవక. సీటు నంబర్లు ఉండవు కాబట్టి గేటు తీయగానే కదలడం మంచిది.

నా పక్కన క్విన్సీ వెళ్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను. "మా ఆయన ఇరవై ఏళ్లు ఒక పాత ట్రాక్టర్ని బాగుచేశాడు. బాగయ్యాక దాంతో ఏం చేయాలో తోచక అమ్మేశాడు," అని నవ్వి, ఊలు అల్లుకోవడంలో పడిపోయింది.

నేపర్‌విల్‌లో నరసింహ ఎక్కాడు. విమల నా ఫోటో ముందే పంపిందట, నేరుగా నా దగ్గరికే వచ్చి "నమస్తే అక్కా" అన్నాడు. యాభై దాటిన మనిషి. కరీంనగర్ వైపు వాళ్లు. చేతిలో లంచ్ బ్యాగు ఉంది. అందులో తిండి లేదు, గుడ్డలో చుట్టిన బొటనవేలంత లోహపు ముక్క ఉంది. ఇంజన్ పొగగొట్టంలో బిగించే సెన్సారట. పొగను బట్టి, లోపల గాలికి ఎంత పెట్రోలు కలుస్తోందో చెబుతుంది. ఇప్పటికి రెండు మార్చారు, ఇది మూడోది.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. "మామూలు ఇంజన్ల పిస్టన్ మీదికీ కిందికీ ఎగురుతది అక్కా. మా దాంట్ల గసుంటిదేం లేదు. మూడు మూలల రోటరు ఉంటది, గిరగిర తిరుగుతది, అంతే," అన్నాడు. చిన్నది, తేలికైనది, బలమైనది. పాత స్పోర్ట్స్ కారులోంచి తీసి, విమానానికి తగినట్టు మార్చుకున్నారు. గాలికి పెట్రోలు ఎంత కలపాలో ఒక చిన్న కంప్యూటరు పెట్టె నిర్ణయిస్తుంది. పెట్రోలు తగ్గితే వాళ్ల భాషలో లీన్, ఎక్కువైతే రిచ్. లీనైతే ఇంజన్ వేడెక్కి దగ్గుతుంది. కారైతే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. గాలిలోకి లేచిన మరుక్షణం దగ్గితే దిగడానికి మొక్కజొన్న చేలు తప్ప ఏమీ ఉండవు. ఏడాదిగా వాళ్ల ఇంజన్ దగ్గుతూనే ఉంది.

నరసింహ ఉద్యోగం టెక్సాస్‌లోని కాపెల్‌కు మారింది. వచ్చే నెలలోనే ప్రయాణం. అందుకే స్నేహితులిద్దరూ ఒక మాట అనుకున్నారు. శనివారం సాయంత్రంలోగా ఇంజన్ పూర్తి వేగంతో ఐదు నిమిషాలు దగ్గకుండా తిరగాలి. తిరగకపోతే ఆదివారం అయోవా నుంచి ఒకాయన వస్తాడు, విమానం తీసుకుపోయి వేరే ఇంజన్ పెట్టుకుంటాడు. ఈ మాట చెప్పి నరసింహ సెన్సారును మళ్లీ గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు.

పది దాటాక గేల్స్‌బర్గ్‌లో దిగాం. జయరాజు పికప్ ట్రక్కుతో వచ్చాడు. రేపల్లె దగ్గరి మనిషి, ఒక బ్యాంకుకు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. "రండి వదిన గారూ. వీడు మిమ్మల్ని దారిలో కునుకు తియ్యనిచ్చాడా?" అన్నాడు. నరసింహ నా పెట్టె ట్రక్కులో పెడుతూ, "నువ్వు లేవు గద, అందరూ మంచిగనే పండుకున్నరు," అన్నాడు.

ఇరవై నిమిషాల దూరంలో ఒక చిన్న విమానాల మైదానం ఉంది. చుట్టూ కోతకొచ్చిన మొక్కజొన్న. వరసగా రేకుల షెడ్లు. మూడో షెడ్డులో తెల్లటి విమానం సన్నగా, పొడుగ్గా ఉంది. సీట్లు పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ముందు సీటు నరసింహది, వెనకది జయరాజుది. వెనక కూర్చున్నవారికి ముందున్న మనిషి భుజాలు తప్ప మరేమీ కనబడవు.

ఈ ఏర్పాటు వెనక కథను జయరాజు చెప్పాడు. మొదటి ఏడాది ఒక వైరు ఎవరు మార్చారన్న దానిమీద పెద్ద గొడవైంది. నెలన్నర మాటల్లేవు. తర్వాత రాజీకి వచ్చి ఒక నియమం పెట్టుకున్నారు. స్పానర్లు, ఇంజన్, ముందు సీటు నరసింహవి. వైర్లు, ల్యాప్‌టాప్, వెనక సీటు జయరాజువి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు, ఏం చేశావని అడగకూడదు, ఏం చేశానో చెప్పకూడదు. "ఈ రూల్ లేకపోతే ఎప్పుడో విడిపోయేవాళ్లం వదిన గారూ," అన్నాడు. నరసింహ తలూపాడు. ఆ నియమం గురించి ఇద్దరికీ కాస్త గర్వం కూడా ఉన్నట్టు తోచింది.

ఆ మధ్యాహ్నం కొత్త సెన్సారు బిగించారు. విమానాన్ని బయటకు తోసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, తోకను తాడుతో ఇనుప గుంజకు కట్టారు. నన్ను ప్రొపెల్లర్‌కు దూరంగా, ట్రక్కు వెనక నిలబెట్టారు. ఇంజన్ అందుకుంది. మోటార్‌సైకిళ్ల గుంపులా మొదలైన మోత కుట్టుమిషన్‌లా సన్నబడింది. వేగం సగానికి పెంచగానే ఖళ్లుమంది. మళ్లీ సర్దుకుంది. మళ్లీ ఖళ్లుమంది. ఆపేశారు.

మిగిలిన పగలంతా అనుమానాలు తీర్చుకోవడంతో సరిపోయింది. పొగగొట్టం అతుకుల్లోంచి బయటి గాలి చొరబడి సెన్సారును మోసం చేస్తోందేమోనని సబ్బు నీళ్లు రాసి చూశారు. లేదు. పెట్రోలు ఒత్తిడి సరిగ్గానే ఉంది. సీసం కలిసిన విమానాల పెట్రోలు సెన్సారును పాడుచేస్తుందని వాళ్లు మొదటి నుంచీ కారు పెట్రోలే వాడుతున్నారు. జయరాజు ఎర్త్ వైర్లన్నీ విప్పి, గీకి, మళ్లీ బిగించాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకరి వైపు ఒకరు చూడకుండా, ఎంతో ఓపిగ్గా పనిచేశారు.

ఊళ్లో హైవే పక్కన మోటళ్లు ఉన్నాయి. నన్ను మాత్రం విమల ఇంట్లోనే ఉంచేసింది. రాత్రి రసం, ఆమ్లెట్, ఆవకాయ. విమానం మాట ఎవరూ ఎత్తలేదు.

శనివారం ఎనిమిదిన్నరకల్లా మళ్లీ షెడ్డులో ఉన్నాం. ఆ పూట పని వేరేగా సాగింది. కంప్యూటరు పెట్టెలో ఒక పట్టిక ఉంటుంది, ఏ వేగంలో ఎంత పెట్రోలు పోయాలో చెప్పే అంకెలు. ఇంజన్ తిరుగుతుండగా జయరాజు వెనక కూర్చుని, ల్యాప్‌టాప్‌లో సెన్సారు చెప్పేది చూస్తూ ఆ అంకెలను సవరిస్తూ పోయాడు. పదకొండున్నరకు ఇంజన్ ముప్పావు వేగంలోనూ గొంతు చెదరకుండా తిరిగింది. ఆపి దిగినప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు. ఆ సంతోషంలో జయరాజు, అయోవా ఆయన వట్టి చేతులతో పోతాడు పాపం అని జాలి కూడా పడ్డాడు.

విమల డ్యూటీ దిగి పులిహోర, కోడి వేపుడు తెచ్చింది. షెడ్డు ముందు మడత కుర్చీలు వేసుకుని తిన్నాం. ఒంటి గంటకు మళ్లీ ఇంజన్ వేశారు.

సగం వేగానికి రాకముందే దగ్గింది. నిన్నటికన్నా గట్టిగా.

జయరాజు దిగి, ల్యాప్‌టాప్ మూసి, రెక్క మీద పెట్టాడు. నరసింహ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "ఫోన్ చెయ్ రాజు. రేపు రమ్మని చెప్పు," అన్నాడు. జయరాజు ఫోన్ బయటికి తీశాడు.

"ఆగండి," అంది విమల. ఖాళీ గిన్నెలు సంచిలో సర్దుతోంది. "అన్నానికి ముందు బాగున్న మనిషికి అన్నం తిని లేచేసరికి జ్వరమొచ్చింది. మధ్యలో ఎవరేం చేశారో చెప్పండి. నర్సింహన్నయ్యా, ముందు నువ్వు చెప్పు."

అడగకూడదన్న నియమం ఆవిడకు వర్తించదు కాబట్టి అతను చెప్పాడు. "ఏం చేస్త చెల్లె, రోజూ చేసేదే. ఇంజన్ ఆపిన. స్విచ్‌లు బంద్ చేసిన. మిక్స్చర్ నాబ్ నడుమకు తిప్పిన. దిగిన."

జయరాజు ఫోన్ దించాడు. "నడుమకు తిప్పడమేంటి? అది నడుమనే ఉంటుంది కదా?"

ముందు సీటు ఎదుట ఒక చిన్న నాబ్ ఉంది. పెట్టె ఇచ్చే పెట్రోలును పైలట్ చేత్తో కాస్త పెంచడానికో తగ్గించడానికో దాన్ని పెట్టారు. నడుమ ఉంటే పట్టికలో ఉన్నది ఉన్నట్టు పోతుంది. పట్టికను సవరించేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదు.

"దగ్గుతుంటే జెర రిచ్ దిక్కు తిప్పుత," అన్నాడు నరసింహ. "లేకుంటే ఆగిపోతది గద. పాపం అనిపిస్తది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచి."

అంతా అక్కడే ఉంది. ఇంజన్ కాస్త దగ్గగానే ముందున్న మనిషి జాలిపడి నాబ్ తిప్పి పెట్రోలు పెంచుతాడు. వెనకున్న మనిషికి ఆ చెయ్యి కనబడదు, పెట్రోలు ఎక్కువైందని ల్యాప్‌టాప్ మాత్రం చెబుతుంది. అతను పట్టికలో తగ్గిస్తాడు. ఇంజన్ హాయిగా తిరుగుతుంది. ఆపాక ముందున్న మనిషి పద్ధతి ప్రకారం నాబ్‌ను నడుమకు తెస్తాడు. మళ్లీ వేసేసరికి, తగ్గించిన పట్టిక ఒక్కటే మిగులుతుంది. ఏడాదిగా ఒకరు పోస్తుంటే ఒకరు తోడేస్తున్నారు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా," అన్నాడు జయరాజు.

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

"అడగకూడదని కదా అనుకున్నాం."

"చెప్పొద్దని గూడ అనుకున్నం గద."

నరసింహ నవ్వేశాడు. జయరాజు మాత్రం నవ్వలేకపోయాడు. మూడు సెన్సార్లు, రెండు పంపులు, ఒక చలికాలం మొత్తం అతనికి గుర్తొస్తున్నట్టుంది.

"మా వార్డులో ఒక సెలైన్‌ని ఇద్దరం చూసుకుంటాం," అంది విమల. "డ్యూటీ మారేటప్పుడు, ఎంత తిప్పామో నోటితో చెప్పకుండా గడప దాటం. మీ రూల్ పెద్దమనుషుల రూలే. కాకపోతే పేషెంటు పోతాడు."

ఆమె తన బ్యాగులోంచి కట్లకు వాడే తెల్ల టేపు తీసి, నాబ్‌ను నడుమ పెట్టించి, మీద అడ్డంగా రెండు వరసలు అంటించింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి దగ్గినా ముందున్న మనిషి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకసారి ఇంజన్ ఆగిపోయింది కూడా. అలా ఆగనివ్వడం అతనికి ఎంత కష్టమైందో దూరం నుంచే తెలిసింది. జయరాజు పట్టికలో ఒక్కో అంకెనూ తిరిగి పైకి తెచ్చాడు. హెడ్‌సెట్లలో ఇద్దరూ ఎడతెగకుండా మాట్లాడుకోవడం కనబడుతోంది.

ఐదు దాటాక వేగం పెంచే థ్రాటిల్‌ను చివరిదాకా తోశారు. తాడు బిగిసింది. వెనక గడ్డి నేలకు అంటుకుపోయింది. విమల గడియారం చూస్తోంది, నేను ఆమె ముఖం చూస్తున్నాను. మోత ఒకే గీతలా సాగింది. ఐదు నిమిషాలూ ఒక్క దగ్గు లేదు. ఆపాక కూడా నరసింహ దిగలేదు. వెనక నుంచి జయరాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అయోవా ఆయనకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పారు. "ఇంట్లో అనుమతి తీసుకున్నాను కాబట్టి ఎలాగూ వస్తాను," అన్నాడట. ఆదివారం పదిన్నరకు వచ్చాడు. పెద్ద మీసాలు, నెమ్మదైన మనిషి. ఇంజన్ వేయించుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. "ఇలా తిరిగేదాన్ని అమ్మితే మీకు పిచ్చి పట్టిందనుకునేవాణ్ని," అని, మిగిలిన పులిహోర కారం కారమంటూనే తిని వెళ్లిపోయాడు.

విమానం ఇంకా నేల విడవలేదు. ముందు మైదానం మీద నెమ్మదిగా, తర్వాత వేగంగా పరుగులు పెట్టించాలి. వసంతంలో నరసింహ కాపెల్ నుంచి వచ్చాకే ఎగరడం. అప్పటిదాకా జయరాజు ఒక్కడే పనిచేస్తాడు. కాపెల్‌లో ఉన్న మనిషికి ముందు సీటు పని ఎలా అప్పగించాలన్నదే వాళ్ల కొత్త చిక్కు.

సాయంత్రం రైల్లో నరసింహ, నేను తిరుగు ప్రయాణమయ్యాం. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. చీకటి పడుతోంది, చేలల్లో కోత యంత్రాలు దీపాలు వేసుకుని తిరుగుతున్నాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది, అక్టోబరులోనే వెళ్లమని, తిండి వెంట తీసుకెళ్లమని. నా ఉద్యోగమంతా గొడవల మీద వార్తలు రాయడంతో గడిచింది. మర్యాద వల్ల వచ్చిన చిక్కును మాత్రం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ప్రిన్స్‌టన్ దాటుతుండగా నరసింహ ఫోన్ మోగింది. జయరాజు. పట్టికలో ఒక అంకె మార్చాడట, ఊరికే చెబుదామని చేశాడట.

"ఏ అంకె?" అన్నాడు నరసింహ. "ఎంత పెంచినవ్? ఎందుకు?"

నేపర్‌విల్ వచ్చేదాకా ఆ మాటలు తెగలేదు. నేనే అతని భుజం తట్టి, స్టేషన్ వచ్చిందని చెప్పాల్సి వచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకునే నాకు దండం పెట్టి దిగాడు. రైలు కదిలేటప్పటికి ప్లాట్‌ఫారం దీపం కింద నిలబడి, ఖాళీ చేతిని గాల్లో అటూ ఇటూ తిప్పుతూ, గేల్స్‌బర్గ్‌లో ఉన్న మనిషికి ఇంకా ఏదో వివరిస్తున్నాడు.