తోలేవాళ్లే టెంకాయ కొట్టాలి

మా నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి గానీ నోరు మాత్రం ఇంకా గట్టిపడింది. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందున్న కారు ఆయన కొన్నదే, ఇన్నేళ్లూ ఆయన తోలిందే. ఇప్పుడు దాన్ని ఆడపిల్లనైన నేను తోలడం ఆయనకు కంట్లో నలుసు. "చేన్ల కాడికి పోయొచ్చేకి పనికొస్తావులే" అనేవాడు. అంతకుమించి ఒప్పుకునేవాడు కాదు.

గిద్దలూరులో ఆయన అక్క, అంటే మా మేనత్త ఉంది. ప్రతి వేసవిలో బనగానపల్లె మామిడిపండ్లు కారులో వేసుకుని, నల్లమల ఘాట్ దాటి ఆమెను చూసి రావడం ఆయన అలవాటు. జబ్బు చేశాక పండ్లు మాత్రం బస్సులో వెళ్లాయి, ఆయన వెళ్లలేదు. ఈ వేసవిలో మేనత్త ఫోన్ చేసింది. "పండ్లు ఈడా దొరుకుతాయప్పా. నేను మంచం దిగలేకుండా ఉండా. నిన్ను ఒకసారి చూడల్ల" అంది. ఫోన్ పెట్టేశాక నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"నేను తోల్తా నాయనా" అన్నాను.

"ఘాటంటే ఏమనుకున్యావు? మలుపులో లారీ ఎదురొస్తే, నాయనా అంటే ఎవురు పలుకుతారు?"

"పక్కనే ఉంటావు గదా. నువ్వే పలుకు."

మర్నాడు పొద్దున చూస్తే తెల్లపంచె కట్టించుకుని మంచం మీద సిద్ధంగా కూర్చున్నాడు. సరేనని మాత్రం అనలేదు.

నంద్యాల దాటి కొంత దూరం పోయాక, అడవి మొదలయ్యే చోట నరసింహస్వామి గుడి ఉంది. ఘాట్ ఎక్కే బండి అక్కడ ఆగాలి, తోలేవాడు దిగి టెంకాయ కొట్టాలి. నాయన ఏనాడూ ఆ పని ఇంకొకరికి వదల్లేదు. ఆ రోజు కూడా నా భుజం పట్టుకుని నిలబడి, ఎడమచేత్తో కొట్టబోయాడు. టెంకాయ జారి దొర్లిపోయింది. మా ఇళ్లలో ఆడవాళ్లు టెంకాయ కొట్టరు. అందుకని నేను దాన్ని ఏరి పూజారికి ఇవ్వబోయాను.

"బండి ఆ సామి తోల్తాడా?" అన్నాడు నాయన.

"మరి?"

"తోలేవాళ్లే కొట్టల్ల. కొట్టు."

"ఆడోళ్లు కొట్టగూడదంటారు గదా."

"ఆడోళ్లు ఘాట్ ఎక్కగూడదని నేనూ అంటి. ఎక్కుతాండావు గదా?"

పూజారి నవ్వాడు. నేను ఒక్క దెబ్బకు పగలగొట్టాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

ఘాట్‌లో నా కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. తొలివాన పడి అడవి అప్పుడే పచ్చబడుతోందని, వెదురుపొదల్లో కొండముచ్చులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నాయని నాయన చెబుతుంటేనే తెలిసింది. దిగుడు మొదలవగానే "న్యూట్రల్ వెయ్, డీజిల్ మిగుల్తాది" అన్నాడు. మా రైతులకు దిగుడంటే పుణ్యానికి వచ్చిన ప్రయాణం. బండి అదుపు తప్పుతుందని నేను వినకుండా రెండో గేరులోనే దించాను. కాసేపు సణిగి, కిటికీ వైపు తిరిగాడు. చాలా మలుపులు దాటాక మెల్లగా అన్నాడు: "ఇన్నేండ్లు తోలితి గానీ, ఈ లోయ ఇంత బాగుంటాదని ఎప్పుడూ చూడకపోతినే."

గిద్దలూరు చేరాక మేనత్త తమ్ముడి పడిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికే మేం కారులో తెచ్చిన మామిడిపండ్లు పులుపని ఆమె, నీ నోరే పులుపని ఆయన పోట్లాడుకున్నారు. బయల్దేరేటప్పుడు ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

"మళ్లా ఎప్పుడొస్తావురా?"

నాయన గడ్డంతో నావైపు చూపించాడు. "నన్నడిగితే ఏమొస్తాది? తోలేదాన్నడుగు."

"వచ్చే నెల వస్తాం అత్తా" అన్నాను. కారెక్కాక నాయన, తిరుగుదారిలో గుడి దగ్గర కొట్టడానికి ఇంకో టెంకాయ తెచ్చానా లేదా అని అడిగాడు.