వదిన బడిలో భూతకాలం

మా వదినది ఒకటే పట్టు. పని పూర్తికాకుండా "చేశాను" అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పిల్లలకే కాదు, అన్నయ్యకూ నాకూ కూడా ఇదే శాసనం.

పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు. పొద్దున్నే ప్రార్థన, ఆమెన్ అనగానే భోజనాల బల్లే బడి. క్రియల చివర "ఆను", "ఆడు", "ఇంది" ఎప్పుడొస్తాయో నేర్పడానికి ఎవరైనా పలక పట్టిస్తారు. వదిన చీపురు పట్టించేది. పెద్దాడు గది ఊడ్చి "ఊడ్చాను" అనాలి. చిన్నది కుండీలో నీళ్ళు పోసి "పోశాను" అనాలి. పాఠం ముగిసేసరికి ఇల్లు అద్దంలా ఉండేది. మొక్కలు మాత్రం నీళ్ళెక్కువై కుళ్ళిపోయేవి.

"ఇదేం చదువు వదినా? నోటితో చెబితే రాదా?" అన్నాను ఒకసారి.

"దేవుడంతటివాడే లోకాన్ని చేశాక బాగుందన్నాడు. చేయకముందే అనలేదుగా," అంది.

బైబిలు కథల పాఠాల్లో నా పని మరీ అధ్వాన్నం. "నోవహు ఓడ కట్టాడు" అనడానికి ముందు కుర్చీలన్నీ వరసగా పేర్చారు. ఓడలో ఎక్కించడానికి జంతువులు తక్కువయ్యాయని, ఆఫీసుకు బయల్దేరుతున్న నన్ను లోపలికి తోశారు. ఏనుగునై కూర్చున్నందుకు ఆలస్యమైందని మేనేజరుకు ఎలా చెప్పను? "దావీదు రాయి విసిరాడు" పాఠం నాడు ఆ దెబ్బకు కూలే రాక్షసుడు గొల్యాతుకు సరిపడా ఎత్తు నాకే ఉందని తేల్చారు. రాయికి బదులు ఉల్లిపాయ వాడటం వదిన దయ.

ఇంతలో పెద్ద చిక్కొచ్చి పడింది. చిన్నది మాతో గలగలా మాట్లాడుతుంది గానీ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. బయటి బడిలో వేస్తే ఏడాదంతా ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే ఇంటి చదువు. ఇప్పుడు విద్యాశాఖ అధికారి వచ్చి పిల్లల్ని ప్రశ్నలడుగుతాడట. జవాబు చెప్పకపోతే మళ్ళీ బయటి బడికే పంపాలట. ఆ కబురు విన్నప్పటినుంచీ వదిన కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

ఆయన వచ్చాడు, టీ తాగాడు. పెద్దాడు అడిగినవన్నీ గడగడా చెప్పేశాడు. చిన్నది బల్ల అంచు పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"నిన్న ఏం ఆడుకున్నావమ్మా?"

ఉలుకూ పలుకూ లేదు. వదిన ముఖం పాలిపోయింది.

ఆయన విసుక్కోకుండా తేలికైన ప్రశ్న కోసం వెతికాడు. ఎదురుగా తన ఖాళీ కప్పు కనిపించింది. "పోనీ, ఈ కప్పు నువ్వు పగలగొట్టావనుకో. అమ్మతో ఏమని చెప్తావు?"

చిన్నది కాసేపు ఆలోచించింది. కప్పు తీసుకుంది. నేలకేసి కొట్టింది.

"కప్పు పగలగొట్టాను," అంది గట్టిగా, ఆయన కళ్ళలోకి చూస్తూ.

ముందు ఆయనే నవ్వాడు, కుర్చీ కదిలేలా. "ఇంట్లోనే చదివించుకోండమ్మా. అనుమతి ఇచ్చేశాను."

చిన్నది ఆయన జేబులోని పెన్నుకేసి వేలు చూపించింది. "ఇంకా ఇవ్వలేదుగా," అంది.

ఆయన బుద్ధిగా సంతకం పెట్టి, అప్పుడన్నాడు, "ఇచ్చాను."

ఆయన గుమ్మం దాటగానే వదిన హమ్మయ్య అంటూ కుర్చీలో కూలబడింది. నేను పింగాణీ ముక్కలు ఏరుతూ, "నీ పిచ్చి పాఠం ఇవాళ కొంప ముంచేదే వదినా," అన్నాను.

"పిచ్చి కాదు. చేతులు కదిలితేనే దానికి నోరు పెగులుతుంది. ఎప్పుడో కనిపెట్టాను. అదొక్కదాని చేతే చేయిస్తే తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది. అందుకే ఇంటిల్లిపాది చేతా చేయించాను."

ఇన్నాళ్ళూ వదినకు తిక్క అనుకున్నాను. ఆవిడ మీద నాకు కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది.

కిటికీలోంచి చూస్తే, చిన్నది గేటు దగ్గర అధికారి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. అది వదలడం లేదు.

"పాపం, పిలవనా?" అన్నాను.

"పిలవకు," అంది వదిన, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "పరీక్ష పెట్టిందాయనేగా, కాసేపు విననీ."