లోవరాజు గీసిన సున్నపు గీత

మా మునిసిపాలిటీకి రోడ్డు రోలర్ ఒక్కటే ఉండేది. దాన్ని నడిపే మనిషీ ఒక్కడే, లోవరాజు. ఛైర్మన్లు మారారు, కమిషనర్లు మారారు, రోలరూ లోవరాజూ మాత్రం మారలేదు. నేను ఇంజనీరింగ్ సెక్షన్లో టైపిస్టుగా చేరిన రోజు ఆయన ఆఫీసు ఆవరణలో రోలర్ కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు.

"కొత్తగా వచ్చిన ప్రసన్నకుమారి గారాండి? మీ లూథరన్ చర్చి ముందు రోడ్డు తొక్కింది నేనేనండి," అని కింద నుంచే పరిచయం చేసుకున్నాడు.

ఆయనతో పరిచయమంటే అలాగే ఉండేది. ఫలానా వాళ్ళ ఇల్లెక్కడ అని అడిగితే బుర్ర గోక్కునేవాడు. ఫలానా రోడ్డు ఎప్పుడు వేశారని అడిగితే మాత్రం ఏ సంవత్సరం, ఏ నెల, రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎన్నిసార్లు తొక్కాడు, అన్నీ గడగడా చెప్పేవాడు. పక్క ఊళ్ళ డ్రైవర్లు నాలుగుసార్లు తొక్కి వదిలేసే చోట ఈయన పదిసార్లు తొక్కేవాడట. డీజిలు ఎక్కువ తాగించేస్తున్నాడని నా చేత రెండు మెమోలు టైపు చేయించారు. రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఆయ్, అలాగేనండి," అని వెళ్ళి మళ్ళీ పదిసార్లే తొక్కాడు.

ఇక్కడ మా డెల్టా ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మాదంతా పల్లం. వానాకాలం వచ్చిందంటే ఎవరింట్లోకి పోదామా అని నీళ్ళు వెతుక్కుంటూ తిరుగుతాయి. అందుకని ఇల్లు కట్టే ప్రతివాడూ రోడ్డుకంటే మూడడుగులు మెరక చేసుకుని మరీ కడతాడు. పదేళ్ళకి మునిసిపాలిటీ వచ్చి పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసి పోతుంది. పాతది తవ్వాలంటే డబ్బు కావాలి, తవ్విన రాయి మోయించడానికి ఇంకా డబ్బు కావాలి, జనరల్ ఫండు చూస్తే జీతాలకే చాలదు. కాబట్టి రోడ్డు పెరుగుతుంది, ఇళ్ళు దిగిపోతాయి. దిగిపోయినవాళ్ళు లోపల మట్టి పోసి నేల ఎత్తు చేసుకుంటారు. అప్పుడు కిటికీ మోకాళ్ళ దగ్గరికొస్తుంది, గుమ్మం నెత్తికి తగులుతుంది. మా పెదనాన్నగారు పొడుగు మనిషి. పాపం, చివరి రోజుల్లో సొంత ఇంట్లోకి కూడా వంగి వంగి వెళ్ళేవారు.

లోవరాజు ఇల్లు పాత రేవు వీధిలో, కాలవకి ఇవతల. వాళ్ళ నాన్న కట్టినప్పుడు దానికి అయిదు మెట్లట. డెబ్భై తొమ్మిదిలో ఆ వీధికి మొదటి కంకర రోడ్డు వేసింది లోవరాజే. అప్పటికి కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఉత్సాహం మీదున్నాడు. ఇంకో బండి రాయి వెయ్యండి, ఇంకో బండి వెయ్యండి అని కాంట్రాక్టర్ని బతిమాలి మరీ మందంగా వేయించాడు. ఎనభై ఏడులో దాని మీద తారు, తొంభై నాలుగులో ఆ తారు మీద ఇంకో తారు. అన్నిసార్లూ తొక్కింది ఈయనే. సొంత ఇంటి మెట్లు సొంత రోలర్‌తో పూడ్చుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళేనాటికి ఒక్క మెట్టు మిగిలింది.

వాళ్ళావిడ మరిడమ్మ ఆ ఇంటి అరుగు మీద పొద్దున్నే దిబ్బరొట్టె వేసి అమ్మేది. అడుగున ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉండే ఆ రొట్టె కోసం కాలవ అవతలి నుంచి కూడా వచ్చేవాళ్ళు. మొగుడి జీతం రెండు నెలలకోసారి వచ్చే ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆ అరుగే.

"ఊరికి రోడ్లేశారమ్మా ఈయన. నాకు గొయ్యి తీశారు," అనేది నాతో, ఆయనకి వినపడేలా.

ఆయన నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మరిడమ్మకి మాత్రం అలవాటైపోయింది.

రెండు వేల సంవత్సరంలో కాలవ అవతల పొలాలు ప్లాట్లుగా మారాయి. సత్యదేవ నగర్ అని పేరు పెట్టారు. దానికి వెళ్ళే దారి పాత రేవు వీధి ఒక్కటే. లేఅవుటు యజమాని బెటర్‌మెంట్ చార్జీలు కట్టాడు, వాటితో కౌన్సిలు కొత్త కాలనీకి దారి వేయాలి. ఆ డబ్బేమో దసరాకి మా అందరి జీతాలకీ అయిపోయింది. తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి గట్టిగా తిట్టలేను. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఆ నగర్‌లో నాకూ ఒక ప్లాటు ఉంది. టీచర్లూ గుమాస్తాలూ నర్సులూ కూడబలుక్కుని కొనుక్కున్నాం. రోడ్డు ఎప్పుడొస్తుందా అని అందరితో పాటు నేనూ ఎదురుచూస్తున్నాను.

మా ఛైర్మన్ గారు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరు టైపు చేసేసరికి సగం లైను అయిపోయేది. మనిషి చెడ్డవాడు కాదు. కొత్త కాలనీ వస్తే ఇంటిపన్ను వస్తుంది, కుళాయి డిపాజిట్లు వస్తాయి, వాటితో పాత వీధుల్లో మురుగు కాలవలు కట్టొచ్చు అని ఆయన లెక్క. లెక్క బాగానే ఉంది. ఆ మంచి రోజులు వచ్చేదాకా చేతిలో ఉన్న దాంతో సరిపెట్టాలి, అదీ చిక్కు.

అందుకని పాత రేవు వీధిలో సిమెంటు రోడ్డుకి రెండు ఎస్టిమేట్లు తయారయ్యాయి. పాతది తవ్వేసి వేస్తే ఒకటి, తవ్వకుండా దాని మీదే వేస్తే ఒకటి. రెండూ నేనే టైపు చేశాను. అజెండాలోకి చవకది ఎక్కింది. రోడ్డు ఇంకో పన్నెండు అంగుళాలు లేస్తుంది.

టైపు చేసిన కాయితం మిషన్లోంచి తీస్తుంటే లోవరాజు వచ్చి నిలబడ్డాడు.

"ప్రసన్నమ్మగారండి, మా వీధి రోడ్డు తవ్వి వేస్తారా, మీదే వేసేస్తారాండి?"

అజెండా మీటింగు దాకా రహస్యం. చెప్పకూడదు. చెప్తే వీధి వాళ్ళు గొడవ చేస్తారు, గొడవైతే నా ప్లాటుకి రోడ్డు ఆగిపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఆయన మొహం చూస్తే అబద్ధం రాలేదు.

"మీదే. పన్నెండు అంగుళాలు," అన్నాను.

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "అయితే మా గడప రోడ్డు కిందకి పోద్దండి," అన్నాడు మెల్లగా. ఆ రోజు నవ్వలేదు.

ఇంకొకడైతే కౌన్సిలర్ల ఇళ్ళ చుట్టూ తిరిగేవాడు. లోవరాజుకి పెద్దవాళ్ళ ముందు మాట పెగలదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ ఛైర్మన్‌తోనూ "ఆయ్, అలాగేనండి" తప్ప మాట్లాడి ఎరగడు. ఆ ఆదివారం మధ్యాహ్నం, వీధంతా టీవీలో సినిమా చూస్తుంటే, మరిడమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాడు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం ఉంటుంది కదా, దాని ఒక కొస ఆవిడ చేతిలో, ఒక కొస ఈయన చేతిలో. ఇంటింటికీ వెళ్ళి, "తలుపు మీద చిన్న గీత గీసుకుంటానండి," అని అడగడం, సున్నంలో కుంచె ముంచి ఒక అడ్డగీత గీయడం. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టంలో గీశాడు.

మునిసిపాలిటీ మనిషి కాబట్టి ఎవరూ కాదనలేదు. పోలియో చుక్కల గుర్తు అనుకున్నారు కొందరు. ఇంటిపన్ను పెంచడానికి వచ్చాడేమోనని ఒకాయన తలుపేసుకుంటే, వేసిన తలుపు మీదే గీసి వచ్చాడు.

సోమవారం పొద్దున దిబ్బరొట్టెకి వచ్చినవాళ్ళు అడిగారు, ఏంటి లోవరాజూ ఆ గీత అని.

"అదండి రోడ్డు," అన్నాడు. "వచ్చే నెల అక్కడికి వస్తదండి."

ఇంక చూడండి. ఒక ఇంటి గీత గడప మీద జానెడెత్తున ఉంది, ఒక ఇంట్లో గొళ్ళెం దగ్గర. ఆ వార్డు కౌన్సిలర్ అప్పాయమ్మ గారి ఇల్లూ ఆ వీధిలోనే. ఆవిడ తరఫున మీటింగులకి ఎప్పుడూ వాళ్ళాయనే వచ్చి కూర్చునేవాడు. ఆవిడ తన తలుపు ముందు నిలబడి, వంగి, గీతకీ గడపకీ మధ్య ఎన్ని వేళ్ళో కొలుచుకుందట. మొగుణ్ణి ఇంట్లో ఉండమని చెప్పి ఆ మీటింగుకి తనే వచ్చింది.

మీటింగుకంటే ముందు లోవరాజుకి మెమో వచ్చింది. కౌన్సిలు రహస్యం బయటపెట్టినందుకూ, ప్రజల్ని రెచ్చగొట్టినందుకూ సంజాయిషీ ఇవ్వాలి. ఆ మెమో కూడా నేనే టైపు చేశాను. మూడు తప్పులు పడ్డాయి. కమిషనర్ గారు ఆయన్ని పిలిచి, లెవెల్ ఎవరు చెప్పారని గంటసేపు అడిగారు. నేను తలుపుకి ఇవతల మిషను ముందు కూర్చుని ప్రతి మాటా విన్నాను.

"ఎవరూ చెప్పలేదండి. తొక్కినోణ్ణి కదండి, తెలిసిపోద్దండి," అదే మాట గంటసేపూ చెప్పాడు.

ఏడాది ఇంక్రిమెంటు కోశారు. నా పేరు బయటికి రాలేదు. లేచి లోపలికెళ్ళి నేనే చెప్పానని అనాల్సింది. అనలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

మీటింగు రోజు అప్పాయమ్మ గారు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

"నా వార్డులో నలభై ఇళ్ళు ముంచి, అవతల వంద ఇళ్ళు కడతామంటే నేను సంతకం పెట్టను," అంది, అంతే.

"తవ్వమనండి, తవ్వుదాం. డబ్బు చూపించండమ్మా," అన్నారు ఛైర్మన్ గారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే డబ్బు లేదు. సత్యదేవ నగర్ వాళ్ళు బయట వరండాలో నిలబడి ఉన్నారు, మా రోడ్డు సంగతేంటని. వాళ్ళ వెనక నా సహోద్యోగులే నలుగురు.

అప్పుడు మా కుర్ర ఇంజనీరు గణేష్‌బాబు లేచి, లోవరాజు తనతో ఏదో అన్నాడనీ, ఆయన్నే పిలిచి వింటే బాగుంటుందనీ చెప్పాడు. పిలిచారు. లోవరాజు చెప్పులు బయట వదిలి లోపలికొచ్చాడు. గోడకి ఆనుకుని నిలబడి, ఛైర్మన్ గారి వంక చూడకుండా ఫ్యానువంక చూస్తూ చెప్పాడు.

"తవ్విన రాయి పారెయ్యక్కర్లేదండి. కాలవ అవతల అంతా పల్లం కదండి, ఆళ్ళు మెరక చేసుకోడానికి రాజమండ్రి వైపు నుంచి గ్రావెల్ లారీలు తోలించుకుంటున్నారండి. మా వీధి కింద మూడు రోడ్ల రాయి ఉందండి. దాన్ని అటు తోలుకుపొమ్మనండి. తవ్వకం, మోత ఆళ్ళు పెట్టుకుంటారు. ఆళ్ళకి గ్రావెల్ కర్చు మిగులుద్ది, మనకి తవ్వుడు కర్చు మిగులుద్ది."

ఇంత చిన్న సంగతి కాయితాలు చదివిన మాకెవరికీ తట్టలేదు. రాయి ఎంత వస్తుందని ఛైర్మన్ గారు అడిగితే, ఏ పొర ఎంత మందమో అంగుళాలతో సహా చెప్పాడు. గణేష్‌బాబు లెక్క కట్టాడు. లేఅవుటు యజమాని మనిషి హరిబాబు బయటికెళ్ళి ఫోను చేసొచ్చి, సరేనన్నాడు. అప్పాయమ్మ గారు సంతకం పెట్టింది.

ఇంక్రిమెంటు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది వేరే ఫైలట.

తవ్వకానికి రోలర్ వెనక ఇనప పళ్ళు బిగిస్తారు, నాగలి లాగా. అవి రోడ్డుని పెళ్ళగిస్తాయి, వెనకాల కూలీలు రాయి ఏరి లారీలకి ఎత్తుతారు. రోలర్ ఒక్కటే, డ్రైవరూ ఒక్కడే అని ముందే చెప్పాను కదా. తను వేసిన రోడ్లు తనే చీల్చాలని లోవరాజుకి అప్పుడు తట్టినట్టుంది. ఆ ముందురోజు నా దగ్గరికొచ్చి, పక్క మునిసిపాలిటీ డ్రైవర్ని రెండ్రోజులు అడగొచ్చా అన్నాడు. వాళ్ళ రోలర్ రిపేర్లో ఉంది, డ్రైవరు సెలవులో ఉన్నాడు.

నేను ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి, మరిడమ్మ అరుగు మీద కూర్చున్నాను. తొంభై నాలుగు నాటి తారు గంటలో లేచిపోయింది, పెద్ద పెద్ద పెళ్ళలుగా. ఎనభై ఏడుది మధ్యాహ్నం దాకా పట్టింది. లోవరాజు ఎవరి వంకా చూడకుండా స్టీరింగు పట్టుకుని ముందుకీ వెనక్కీ తోలుతున్నాడు.

డెబ్భై తొమ్మిది నాటి కంకర దగ్గర రోలర్ మూలిగింది. ఒక పన్ను విరిగింది. వేరేది బిగించారు, అదీ వంగింది. అంత బరువు బండి ఆ రాతి మీద గీతలు పెట్టగలుగుతోంది కానీ రాయిని లేపలేకపోతోంది. లారీలు వరసగా ఆగిపోయాయి, హరిబాబుకి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడండీ బాబూ ఈ రోడ్డేసినోడు? ఇనుమే ఇరిగిపోతంది, ఇది రాయా, ఇంకోటా?"

లోవరాజు ఇంజను ఆపేశాడు. వీధిలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. రోలర్ మీద నుంచి దిగి, చొక్కా సర్దుకుని, ఆఫీసులో పిలిస్తే నిలబడినట్టు నిలబడ్డాడు.

"నేనేనండి," అన్నాడు.

ఆ ఒక్క మాట అంటూనే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, మూతి మీద మాత్రం నవ్వు ఉంది. హరిబాబు గొడుగు చేతులు మార్చుకున్నాడు. మరిడమ్మ మాత్రం లేచి, గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడింది.

"బాగానే ఏశారు," అంది. ముప్పై ఏళ్ళ కాపరంలో ఆవిడ ఆ రోడ్డుని మెచ్చుకోవడం అదే మొదటిసారట.

ఆయన గ్లాసు ఇచ్చేసి, ఇంకో పన్ను బిగించుకుని, మళ్ళీ బండెక్కాడు.